తొంభై నాలుగు దగ్గర ఆగిన ముల్లు

ఆపరేషన్ జరిగిన తొమ్మిదో నెలలో నా బరువు తగ్గడం ఆగిపోయింది. మొదటి వారం పట్టించుకోలేదు. రెండో వారం బరువు మిషన్‌ను బాత్రూంలోంచి తెచ్చి, హాల్లో గచ్చు సమంగా ఉన్నచోట పెట్టి ఎక్కాను. మూడో వారం కమ్మలు, గాజులు తీసేసి ఎక్కాను. ముల్లు కాసేపు వణికి తొంభై నాలుగు దగ్గరే నిలబడింది. ఆ తర్వాత రోజుకు మూడుసార్లు ఎక్కడం మొదలుపెట్టాను. పొద్దున లేవగానే, స్నానానికి ముందు, ఆఫీసు నుంచి రాగానే. ఇంట్లో ఎవరూ చూడకుండా మిషన్‌ను గదిలోకి తెచ్చుకుని తలుపు వేసుకునేదాన్ని.

అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు. తమిళ రాష్ట్రంలోని కృష్ణగిరిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. కృష్ణగిరి విడిగా జిల్లా అయి రెండు మూడేళ్లయిన రోజులవి. ఆఫీసు నిండా కొత్త బీరువాలు, పాత ఫైళ్లు. ఇల్లు హోసూరులో. మా ఆయన అక్కడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మామగారు పోయాక మా అత్త ఉద్దనపల్లిలో పొలం పెద్దకొడుక్కి వదిలేసి మా దగ్గరికి వచ్చేసింది. నేను రోజూ పొద్దున హోసూరులో బస్సెక్కి శూలగిరి మీదుగా కృష్ణగిరికి పోయి, సాయంత్రం అదే దారిన తిరిగొచ్చేదాన్ని.

పంతొమ్మిది వందల తొంభైలలో పెళ్లయినప్పుడు నేను మామూలుగానే ఉండేదాన్ని. కాన్పు తర్వాత వచ్చిన ఒళ్లు పోలేదు. కూర్చుని చేసే ఉద్యోగం, కూర్చుని పోయే బస్సు. పదేళ్లలో ఇద్దరు పట్టే సీట్లో నా పక్కన ఎవరూ కూర్చోలేని స్థితికి వచ్చాను. జనం నిలబడి ప్రయాణం చేసేవాళ్లు గానీ నా పక్కన మిగిలిన ఆ కాస్త చోటులోకి వచ్చేవాళ్లు కాదు. షుగరు వచ్చింది. మోకాళ్లు పోయాయి. ఇన్సులిన్ మొదలుపెట్టిన హోసూరు డాక్టరే బెంగళూరులో ఇలాంటి ఆపరేషన్ చేస్తున్నారని చెప్పాడు. కడుపును చిన్న సంచిలాగా చేసి పేగుకు కలుపుతారట.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే అపాయింట్‌మెంట్ ఇచ్చే అమ్మాయి బరువు ఎంత అని అడిగింది. మా ఇంట్లో మిషన్ నూట ఇరవై దాకానే చూపిస్తుంది. నేను ఎక్కితే ముల్లు చివరిదాకా పోయి అక్కడే అతుక్కునేది. మా అన్న కృష్ణగిరి దగ్గర మామిడితోటలు చేసేవాడు. సంగతి అతనికి చెప్పాను.

"మండీలో కాటా ఉండాది గదా. పండ్లు రాని దినం పోదాం రామ్మా. ఎవురూ ఉండరు" అన్నాడు.

కాపు అయిపోయిన రోజులు. మండీలో ఎండుగడ్డి, కుళ్లిన టెంకల వాసన తప్ప మనుషులు లేరు. బుట్టలు ఎక్కించే ఇనప కాటా మీద నిలబడ్డాను. మా అన్న గుండు జరిపి చూశాడు. "నూట ముప్పై ఒకటి" అని చిన్నగా చెప్పి, నన్ను చూడకుండా బయటికి పోయి నిలబడ్డాడు. మరుసటి రోజు ఆసుపత్రి అమ్మాయికి ఫోన్ చేసి అంకె చెప్పేశాను.

మా ఆయన ఒప్పుకోలేదు. "పొట్ట కోయించుకునేది ఏమిటికి? నోరు కట్టేసుకుంటే తగ్గదా?" అన్నాడు. నేను నోరు కట్టేసుకున్న రోజులన్నీ ఆయనకు తెలుసు. ఒక్క పూట భోజనాలు, తేనె నీళ్లు, నడకలు, అన్నీ. పది కిలోలు పోవడం, పన్నెండు కిలోలు రావడం. చివరికి నా పట్టు చూసి సరే అన్నాడు గానీ ఆసుపత్రిలో సంతకం పెట్టే ముందు ఒక మాటన్నాడు. "ఇంత చేసి మళ్లీ లావయితే, నా దగ్గర మాత్రం ఏడవద్దు."

ఆ మాట నాలో ఎంత లోతుగా దిగిందో ఆ రోజు నాకు తెలియలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మొదట మందు కొలిచే చిన్న గిన్నెతో నీళ్లు. తర్వాత పప్పు మీది తేట. తర్వాత మెత్తగా రుబ్బిన తిండి. నెలన్నరకు మామూలు అన్నం మెత్తగా చేసి నాలుగు ముద్దలు. ఐదో ముద్ద పెడితే ఎదరొమ్ములో రాయి పెట్టినట్టు పట్టేసేది. నోట్లో నురగ ఊరేది, పోయి వాంతి చేసుకుంటే తప్ప వదిలేది కాదు. నాలుగో నెలలో జుట్టు రాలింది. అయినా నాకు బాధ లేదు. నెలకు ఐదు కిలోలు, ఆరు కిలోలు పోతున్నాయి. ఇన్సులిన్ ఆపేశారు. బస్సులో నా పక్కన మొదటిసారి ఒక ముసలాయన వచ్చి కూర్చున్న రోజు కృష్ణగిరి వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ నవ్వుకుంటూనే ఉన్నాను.

ఇబ్బంది పడింది మా అత్త. ఆమె చేతి సంగటి అంటే ఉద్దనపల్లిలో పేరు. పెద్ద ముద్ద చేసి మధ్యలో గుంట పెట్టి పులుసు పోస్తే నేను రెండు తినేదాన్ని. ఇప్పుడు నిమ్మకాయంత తీసుకుని పళ్లెం పక్కన పెట్టేస్తే ఆమె ముఖం చిన్నబోయేది.

"పిల్లి తిన్నట్ల తింటావే. నా చేతిది నీకి చేదయిందా?" అనేది.

"పట్టదు అత్తా. లోపల చోటు లేదు."

"చోటు లేకుండా చేపించుకునేదానికి అంత దూరం పోయినావు" అని పళ్లెం తీసుకుపోయేది. కానీ బయట మాత్రం నా గురించి ఆమె చెప్పినంత గొప్పగా ఎవరూ చెప్పలేదు. ఊరికి పోయినప్పుడల్లా మా కోడలు సగానికి సగం అయిందని, కాలి మీద కాలు వేసుకుని కూర్చుంటుందని ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చేది.

అలాంటప్పుడు ముల్లు తొంభై నాలుగు దగ్గర ఆగింది.

రెండు నెలలు కదల్లేదు. నాలుగు ముద్దలు మూడు చేశాను. పొద్దున టిఫిన్ మానేశాను. కదల్లేదు. ఆఫీసులో కనబడిన ప్రతివాళ్లూ తమిళంలో ఒకటే అడిగేవాళ్లు, ఇప్పుడెంత తగ్గావని. నా ఆరోగ్యం గురించి, మా అమ్మాయి చదువు గురించి అడిగేవాళ్లు పోయారు. అంకె ఒక్కటే మిగిలింది.

రాయకోటలో బంధువుల ఇంటి గృహప్రవేశానికి పోయాం. ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఒకామె నా జబ్బ పట్టుకుని, కింద వేలాడే చర్మాన్ని వేళ్లతో అటూ ఇటూ ఊపి చూసి, "ఇప్పుడెంత ఉండావమ్మా?" అంది. పక్కనే మా అత్త నిలబడి ఉంది, మెడ కాస్త ఎత్తి.

"ఎనభై ఆరు" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. అన్నది నేనే. అందరూ ఆశ్చర్యపోయారు. మా అత్త నా వీపు నిమిరింది. ఆ నిమరడంతో నేను లోపల ఇరుక్కుపోయాను. ఇంటికొచ్చాక అమ్మాయికీ మా ఆయనకూ అదే చెప్పాల్సి వచ్చింది. వచ్చే నెల ఎనభై ఐదు, ఆపై నెల ఎనభై నాలుగు. అబద్ధం నెలకు ఒక కిలో తగ్గుతూ వచ్చింది.

బెంగళూరు ఆసుపత్రికి మూడు నెలలకొకసారి పోవాలి. పోతే అక్కడ బరువు చూస్తారు, కాగితం మీద రాస్తారు, కాగితం ఇంటికొస్తుంది. అందుకని పోవడం మానేశాను. ఆఫీసులో పని ఎక్కువగా ఉందని చెప్పాను.

ఆ రోజుల్లోనే జ్యూస్ మొదలైంది. కృష్ణగిరి బస్టాండు బయట మామిడిపండ్ల రసం అమ్మే అంగడి ఉండేది. కాపు రోజుల్లో తాజా పండ్లు, మిగతా రోజుల్లో డబ్బా గుజ్జులో పాలు, చక్కెర కలిపి ఇచ్చేవాడు. పొద్దున తినక, మధ్యాహ్నం మూడు ముద్దలతో ఆపేసి, సాయంత్రానికి చేతులు వణుకుతూ ఆ అంగడి ముందుకు చేరేదాన్ని. మొదటి రోజు ఒక గ్లాసు తీసుకుని గుటక గుటకగా అరగంట తాగాను. ఎదరొమ్ములో రాయి లేదు. నురగ లేదు. అన్నం ఐదో ముద్దకు వద్దనే కడుపు దీన్ని మాత్రం వద్దనలేదు. ఎంతసేపు తాగితే అంతసేపూ దిగుతూనే ఉంది.

ఆసుపత్రిలో ముందే చెప్పారు, తీపి నీళ్లలాంటివి మెల్లగా జారిపోతాయి, వాటితో జాగ్రత్త అని. నాకు గుర్తుంది. గుర్తుండే తాగాను. ఇప్పుడు కూడా ఆ సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది. కడుపు కోసి చిన్నది చేశారు, ఆశను ఎవరూ కోయలేదు. ఆపరేషన్‌ను వెనక్కి తిప్పడానికి లేదు, ముందుకు పోవడానికి దారి కనబడలేదు, జరిగింది చెప్పుకోవడానికి మనిషి లేడు. చెప్పుకోవాల్సిన మనిషి ముందే ఏడవద్దన్నాడు.

ముల్లు కదిలింది, పైకి. తొంభై ఆరు. తొంభై ఎనిమిది. రవికలు బిగుతయితే తలుపు వేసుకుని నేనే కుట్లు విప్పి వదులు చేసుకున్నాను. ఇంట్లో చెప్పే లెక్క ఎనభై మూడు దగ్గర ఉంది.

ఒక రోజు మధ్యాహ్నం కూడా ఏమీ తినకుండా సాయంత్రం బస్టాండుకు వచ్చాను. బస్సు బయలుదేరబోతోంది. అరగంట నిలబడే టైము లేదు. రెండు గ్లాసులు గడగడా తాగేసి ఎక్కాను. పావుగంటకు గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది. ఒళ్లంతా చెమట. కళ్ల ముందు సీట్లు పసుపుపచ్చగా కనబడ్డాయి. కడుపులో పిండేసినట్టు నొప్పి. లేచి కండక్టరు దగ్గరికి పోయి బస్సు ఆపమన్నాను. నా ముఖం చూసి ఏమీ అడక్కుండా విజిల్ వేశాడు. శూలగిరి ఇంకా రాలేదు. రోడ్డు పక్కన ఒక ఇల్లు కనబడింది. అక్కడికి నడిచేలోపలే చీర పాడైపోయింది.

ఆ ఇంటి ముందు ఒక ముసలామె చాపేసుకుని అనపకాయలు ఒలిచి గింజలు తీస్తోంది. నన్ను చూసి లేచింది.

"ఏమమ్మా, బస్సు పడలేదా? లోపలికి రా. ఎనక పక్క ఉండాది, పో. నీళ్లు తొట్టిలో ఉండాయి."

నేను బయటికొచ్చేసరికి తలుపు మీద ఒక పాత నూలుచీర వేలాడుతోంది. ఆమె ఏ ఊరని అడగలేదు, ఏం తిన్నావని అడగలేదు. "చీర మళ్లీ తెచ్చియ్యాల్సిన పని లేదు. కూసో, అదురు తగ్గినాక పోదువు" అని అనపకాయల దగ్గర కూర్చుంది. నేను ఆమె పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎన్ని నెలల తర్వాతో, నా బరువు అడగని మనిషి.

ఇంటికి చేరేసరికి మా అత్త గుమ్మంలో ఉంది. నన్ను కాదు, ముందు చీరను చూసింది.

"ఈ చీర ఎవురిదమ్మా?"

బస్సులో ఒక అబద్ధం తయారు చేసుకునే వచ్చాను. కానీ నోరు తెరిస్తే అది రాలేదు. గుమ్మం మెట్టు మీదే కూర్చుని అంతా చెప్పేశాను. జ్యూసు, రాయకోట, విప్పిన కుట్లు, మానేసిన ఆసుపత్రి.

"ఇప్పుడు నిజంగా ఎంత ఉండావు?"

"తొంభై తొమ్మిది."

ఆమె గోడ పట్టుకుని మెల్లగా నా పక్కన కూర్చుంది. "ఉద్దనపల్లిలో అందురికీ చెప్పి పెట్టినానే నేను" అంది. ఆమెకు ముందు తన పరువే గుర్తుకొచ్చింది. నాకు కోపం రాలేదు. నిజమే, నా అంకెను మోసుకుని తిరిగింది ఆమే. చాలాసేపటికి లోపలికి పోయి ఉప్పేసిన పలచటి మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది.

"ఆ డాక్టరు దగ్గరికి పోయి ఎన్నాళ్లయింది?"

"ఆరు నెల్లు అత్తా."

"నేనూ వస్తాను. లీవు పెట్టు."

మా ఆయనకు నేనే చెప్పాను, ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే. ఆయన తుండుతో ముఖం తుడుచుకుని అనాల్సిందే అన్నాడు. "నేనప్పుడే చెప్పినాను గదా."

నెలల తరబడి ఆ మాటకు భయపడే దాక్కున్నాను. అన్నాక చూస్తే అంతే, ఒక మాట. వంటింట్లోంచి మా అత్త గట్టిగా, "చెప్పినావులే, ఇంగ ఊరకుండు" అంది. ఆయన ఊరకున్నాడు. అంతకు మించి ఓదార్పేమీ దొరకలేదు ఆయన దగ్గర, ఆ రోజు గానీ తర్వాత గానీ.

బెంగళూరులో మేం పోయిన రోజు ఆపరేషన్ అయినవాళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారు. మా అత్తను పక్కన పెట్టుకుని నేను చివరి వరసలో కూర్చున్నాను. ముందు వరసలో కోలారు వైపు నుంచి వచ్చిన ఒక డ్రిల్లు మాస్టరు లేచాడు. మెడలో విజిల్ లేదన్న మాటే గానీ మనిషి నిలువెల్లా డ్రిల్లు మాస్టరే.

"యాభై కిలోలు తగ్గినాను. ముప్పై మళ్లీ ఎక్కినాను" అన్నాడు. "చిక్కటి తీపి డబ్బాపాలు తాగతా ఉండాను. స్పూనుతో గూడా కాదు, డబ్బాకి బొక్క పెట్టి. మా స్కూలు స్టోరు రూములో దాచుకుంటాను. పిల్లోళ్లని పరిగెత్తమని చెప్పి, లోపలికి పోయి తాగొస్తాను."

ఎవరూ నవ్వలేదు. నా రహస్యాన్ని ఎవరో నా గొంతులోంచి లాక్కుని చదివినట్టనిపించింది. ఆయన కూర్చున్నాక నేను లేచాను. నాకు తెలియకుండానే నేనూ ఆయనలాగే తెలుగులో మొదలుపెట్టాను. మధ్యలో ఆగిపోతే మా అత్త నా కొంగు పట్టి లాగి, "జ్యూసు సంగతి చెప్పు" అంది.

తిండి సంగతులు చూసే ఆవిడ మమ్మల్ని విడిగా కూర్చోబెట్టి కన్నడంలో నిదానంగా చెప్పింది. బరువు ఇలా మధ్యలో ఆగడం చాలామందికి జరిగేదేనట. ఆగినప్పుడు తిండి మానేయడమే నేను చేసిన తప్పు. పొద్దున తినకపోతే సాయంత్రం తీపి పిలుస్తుంది. పప్పు, గుడ్డు ముందు తినాలి, అన్నం తర్వాత. రోజూ మిషన్ ఎక్కకూడదు, నెలకొకసారి ఇక్కడికొచ్చి ఎక్కితే చాలు. మా అత్త అన్నీ విని ఇంటికి రాగానే మిషన్‌ను గోనెసంచిలో చుట్టి అటక మీదికి ఎక్కించింది.

ఆ తర్వాత అంతా బాగైపోయిందని రాయాలని ఉంది. కాలేదు. మా అత్త నా తిండిని చేతిలోకి తీసుకుంది. ఉడికించిన గుడ్డు, పెసలు, కాలంలో అయితే నానబెట్టి పొట్టు తీసిన అనపగింజల పితికిపప్పు, చిన్న స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చేది. సాయంత్రం డబ్బా మూత తీసి ఖాళీ అయిందా అని చూసేది. అంతటితో ఊరుకోలేదు. నేను గుమ్మం ఎక్కగానే "నోరు తెరువు" అనేది. దగ్గరికొచ్చి మామిడి వాసన చూసేది. మొదట నవ్వొచ్చింది. నెల పోయాక గొంతు దాకా వచ్చింది. అంతకుముందు నా అబద్ధంలో నేను బందీని. ఇప్పుడు నా నిజానికి ఒక కాపలా.

రెండుసార్లు మళ్లీ తాగాను. రెండుసార్లూ వాసన పట్టింది. రెండోసారి కేకలేసింది, పక్కింటివాళ్లకు వినబడేలా. నేనూ కేకలేశాను.

"నన్ను జైల్లో పెట్టినట్ల ఉండాది అత్తా! ముప్పూటలా నా నోరు సూసేదేనా నీ పని?"

"అదే నా పని!" అంది ఆమె. "నేను మాత్రం యాడికి పోతా ఉండాను? ఆడ ఉండింటే కలుపు తీసేదాన్ని, కాయ కోసేదాన్ని. ఈడ నాలుగు గోడలు. నీ డబ్బా కట్టేది, నువ్వు ఎప్పుడొస్తావా అని సూసేది. ఇంగేముండాది నాకి?"

చెప్పేసి, తనే ఉలిక్కిపడినట్టు ఆగిపోయింది. మూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఈమెకు ఇక్కడ ఊపిరాడడం లేదన్న సంగతి నాకు ఒక్కసారీ తోచలేదు. నా ఒళ్లు తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు. మరుసటి ఆదివారం పొద్దున నేనే, "ఉద్దనపల్లికి పోయొద్దామా అత్తా?" అన్నాను. అడిగిన పావుగంటలో చీర మార్చుకుని వచ్చి నిలబడింది.

అప్పటి నుంచి ఆదివారాలు పోవడం అలవాటైంది. ఆమె ముందు, నేను వెనక, గట్ల మీద రాగిచేలు చూసుకుంటూ నడిచేవాళ్లం. ఆమె అరవై దాటిన మనిషి, నాకంటే వేగం. అక్కడ ఉన్నంతసేపు నా నోటి సంగతి మరిచిపోయేది. బావగారికి కలుపు గురించి చీవాట్లు పెట్టేది. వారంలో నోరు తెరువు అనడం మెల్లగా తగ్గింది, పూర్తిగా పోలేదు.

తర్వాతి ఏడాదిలో తొంభై ఒకటికి దిగాను. అక్కడ మళ్లీ ఆగింది. ఏడు నెలలు. అయినా నెలనెలా బెంగళూరు పోయి ఎక్కాను, తిండి సంగతులు చూసే ఆవిడ అదే అంకె రాసింది, నిన్న ఏం తిన్నావని అడిగితే తిన్నది తిన్నట్టు చెప్పాను. ఉత్సాహం అన్నది ఒకసారి వస్తే నిలిచి ఉండేది కాదు. కొన్ని పొద్దులు ఉండదు. ఉన్నా లేకపోయినా గుడ్డు ఒలుచుకుని తినాలి, గట్టు మీద నడవాలి. నాలుగు ముద్దల తర్వాత లేవడం నా జీవితమంతా ఉంటుందని తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కే రోజులున్నాయి.

ఆ ఏడో నెల ఆసుపత్రి నుంచి తిరిగొస్తుంటే, బస్సులో ఇద్దరు పట్టే సీట్లో నేనూ మా అత్తా పక్కపక్కన కూర్చున్నాం. కాస్త ఇరుకే. అత్తిబెలె దాటాక ఆమె నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. హోసూరు వచ్చేదాకా నేను కదల్లేదు.